అంచు ఉడికి, నడుమ గడ్డకట్టి
గడ్డకట్టిన మాంసం మైక్రోవేవ్ ఓవెన్‌లో కరిగే తీరును కంప్యూటర్‌లో లెక్కగట్టే పనిలో మూడు వారాలుగా ఉన్నాను. 2.45 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో 12.2 సెంటీమీటర్లు ఉన్నా, నీటిలోకి వెళ్లేసరికి సుమారు 1.4 సెంటీమీటర్లకు తగ్గిపోతుంది; లెక్క కోసం స్థలాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టాలి, తరంగం పొట్టిదైన కొద్దీ గళ్లూ చిన్నవి కావాలి; గాలికి సరిపోయే గళ్లనే మాంసానికీ వేసినందువల్ల మొదటి వారం ఫలితాలన్నీ వృథా అయ్యాయి.

అసలు చిక్కు ఆ తరువాత ఎదురైంది. మంచు ఈ తరంగాల శక్తిని దాదాపు పీల్చుకోదు, నీరు మాత్రం బాగా పీల్చుకుంటుంది కనుక, ముందుగా కరిగిన అంచు మరింత వేడెక్కుతూ పోతుంది, లోపలి భాగం రాయిలా ఉండిపోతుంది. అందుకే విద్యుత్ క్షేత్రాన్ని ఒక్కసారి లెక్కించి వదిలేయకుండా, ఉష్ణోగ్రత మారిన కొద్దీ పదార్థ గుణాలను సవరించి మళ్లీ మళ్లీ లెక్కించాను.

నిన్న రాత్రి తెరపై మూలలు ఎర్రబడి, నడిమి భాగం ఇంకా నీలంగానే కనిపించినప్పుడు, మా వంటింట్లో ఎన్నోసార్లు చూసిన చికెన్ ముక్కే కళ్లముందు మెదిలింది.