పదిహేను రోజులకో స్కాన్, 300 కిలోమీటర్ల దారి

కవలలు అనగానే ఇంట్లో అందరూ సంబరపడ్డారు. మా దగ్గర తీసిన మొదటి స్కాన్ రిపోర్టులో ఇద్దరు బిడ్డలున్నారనీ, ఇద్దరి గుండె కొట్టుకుంటోందనీ ఉంది. ఇద్దరికీ మాయ ఒకటేనా, వేర్వేరుగా ఉన్నాయా అన్నది మాత్రం రాయలేదు. ఆదిలాబాద్‌లో నన్ను చూస్తున్న గైనకాలజిస్ట్ రిపోర్టు తిరగేసి, ముందు ఆ సంగతే అడిగారు. పద్నాలుగో వారం దాటితే అది తేల్చి చెప్పడం కష్టమని వెంటనే మళ్లీ స్కాన్ రాశారు.

మాయ ఒకటే అని తేలింది.

"కాన్పు నేను చేయగలనమ్మా. కానీ పదహారో వారం నుంచి పదిహేను రోజులకోసారి స్కాన్ పడాలి. అది ఫీటల్ మెడిసిన్ వాళ్లు, అంటే కడుపులోని బిడ్డల సమస్యలు చూసే డాక్టర్లు, చూడాల్సింది" అన్నారు ఆవిడ. ఎందుకో మా అత్తమ్మకు అర్థమయ్యేలా చెప్పారు. ఒకే కాలువ కింద రెండు మళ్లున్నాయనుకోండి, నీళ్లన్నీ ఒక మడికే పోతే రెండోది ఎండుతుంది, నీళ్లు ఎక్కువైన మడీ పాడవుతుంది. మాయ ఒకటే ఉన్న కవలల్లో నూటికి పది, పదిహేను మందికి రక్తం ఇలా ఒక బిడ్డ వైపే ఎక్కువగా పోతుందట. సమయానికి కనిపెడితే మాయలోని రక్తనాళాలను లేజర్‌తో మూసే వైద్యం ఉంది. ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదమే.

మాది ఉట్నూరు వైపు. ఆ డాక్టర్లు ఎక్కడుంటారని ఎవరిని అడిగినా రెండే ఊళ్లు చెప్పారు. ఆదిలాబాద్ నుంచి నాగ్‌పూర్ సుమారు 200 కిలోమీటర్లు, హైదరాబాద్ 300. మా జిల్లాలో చాలామంది పెద్ద జబ్బు చేస్తే నాగ్‌పూరే పోతారు. అల్వాల్‌లో మా ఆడబిడ్డ ఇల్లు ఉండటంతో నేను హైదరాబాద్ ఎంచుకున్నాను. ఆ ఇల్లే లేకపోతే ఏం చేసేదాన్నో తెలియదు.

ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపిస్తే నాకు జీరో టికెట్. 2023 డిసెంబర్ నుంచి ఉన్న ఆ సౌకర్యం నాకు నిజంగా పనికొచ్చింది. కానీ టికెట్ లేకపోయినంత మాత్రాన దారి దగ్గరవదు కదా. గుడిహత్నూర్ దగ్గర హైవే ఎక్కి, నిర్మల్, కామారెడ్డి మీదుగా వెళ్లేసరికి నడుము పడిపోయేది. డాక్టరేమో నీళ్లు బాగా తాగమంటారు. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆగినచోట బాత్రూమ్ ఎలా ఉంటుందో తెలియక నేను గొంతు తడుపుకొని ఊరుకునేదాన్ని. కడుపుతో ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు.

హైదరాబాద్‌లో ప్రతిసారీ ఆడా మగా అని అడగనని రాసిచ్చే ఫారం ఎఫ్ మీద సంతకం, ఆధార్ జిరాక్స్, ఆ తర్వాత ఎదురుచూపు. లోపల డాక్టర్ మాట్లాడకుండా ఒక్కో బిడ్డ చుట్టూ ఉమ్మనీరు కొలిచేవారు. తెర మీద నల్లగా కనిపించే చోట పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు పెట్టేవారు. ఒకరి దగ్గర 2 సెంటీమీటర్లకు తగ్గి, రెండోవారి దగ్గర 8 దాటితే ప్రమాదం. ఆ అంకె పడేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు.

ఒకసారి జోరు వానలకు వాగులు పొంగి మా రోడ్డు తెగిపోయింది. స్కాన్ తేదీ దాటిపోతుంటే నాకు విపరీతమైన టెన్షన్. తర్వాత వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే, హైదరాబాద్ డాక్టర్ రిపోర్టు వెనక నాలుగు లైన్లు రాసి ఇచ్చారు: ఒక్కొక్కరి ఉమ్మనీటి లోతు, ఇద్దరి మూత్రాశయం కనిపిస్తోందా, బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్, బరువుల్లో తేడా. "ఒక స్కాన్ అక్కడ తీయించి ఇవి నాకు పంపండి, ఇంకోసారి ఇక్కడికి రండి. తేడా కనిపిస్తే అదే రోజు బయలుదేరాలి" అన్నారు. మా గైనకాలజిస్టూ ఆవిడా ఫోన్‌లో మాట్లాడుకున్నారు. దాంతో నా ప్రయాణాలు సగానికి తగ్గాయి. నన్ను గట్టెక్కించింది ఆ కాగితమూ, ఆ ఇద్దరు డాక్టర్ల ఫోన్ మాటలూ అని నా నమ్మకం.

ఆదిలాబాద్‌లో స్కాన్ కోసం కూర్చున్నప్పుడే గాదిగూడ వైపు నుంచి వచ్చిన ఒక గోండు అమ్మాయి పరిచయమైంది. తనకూ కవలలే, మాయ ఒకటే. "హైదరాబాద్ పొమ్మన్నరక్కా. పత్తి ఏరే రోజులు, నాతోని ఎవరొస్తరు?" అంది. తెలుగు కొద్దికొద్దిగా వచ్చు, వెంట ఆశా కార్యకర్త ఉంది. నాకు జీతం ఉంది, సెలవు ఉంది, నగరంలో ఉండటానికి ఇల్లు ఉంది. ఇవేవీ లేని మనిషికి "పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్లు" అని కాగితం మీద రాసిస్తే ఏం లాభం? నా దగ్గరున్న నాలుగు లైన్ల కాగితం జిరాక్స్ తీసి ఆశా చేతికిచ్చాను. మా గైనకాలజిస్ట్ ఆ అమ్మాయి కొలతలు కూడా హైదరాబాద్ పంపడం మొదలుపెట్టారు.

ఏడో నెల దాటాక నేను అల్వాల్‌లోనే ఉండిపోయాను. నెలలు నిండేదాకా ఆగరని తెలుసు కాబట్టి, బిడ్డల ఊపిరితిత్తులకు ముందుగా ఇంజెక్షన్లు ఇచ్చి ఆపరేషన్ చేశారు. ఇద్దరూ ఆడపిల్లలు. చిన్నది కొన్నాళ్లు పసిబిడ్డల ఐసీయూలో (ఎన్‌ఐసీయూ) ఉండి వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ పాకుతున్నారు.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే పద్ధతి 2016 నుంచి దేశమంతా ఉంది. దాని పక్కనే ఇంకొకటి కావాలి. నెలకు రెండు రోజులు ఒక ఫీటల్ మెడిసిన్ డాక్టర్ ఆదిలాబాద్ వచ్చి, కష్టమైన కేసులన్నీ ఒకేచోట చూడాలి. అంతమంది గర్భిణులు గతుకుల రోడ్ల మీద కదలడం కంటే, ఒక డాక్టర్ కారులో రావడం తేలిక. వాగులు పొంగే నెలల్లో ఏజెన్సీ మండలాల వాళ్లకు ముందుగానే ఆసుపత్రి దగ్గర బస ఏర్పాటు చేయాలి. ఇవన్నీ రాసి, పోయిన సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇచ్చాను. అర్జీ మీద ఆ గాదిగూడ అమ్మాయి వేలిముద్ర కూడా ఉంది. జవాబు కోసం వచ్చే నెల ఇద్దరం కలిసి మళ్లీ వెళ్తున్నాం.