ఏడాదికో ఫిన్లాండ్

2011 ఫిబ్రవరి 28 రాత్రి పదకొండు గంటలకు నేను మా బస్టాండులో చేతిలో టార్చి, చంకలో ఫారాల కట్టతో నిలబడి ఉన్నాను. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళను లెక్కించే రాత్రి అది. అరుగు మీద పడుకున్న ఒక ముసలాయనను లేపి పేరు అడిగాను. పోలీసులనుకున్నాడేమో, గబగబా మూట సర్దుకున్నాడు. "జనాభా లెక్కలు తాతా" అన్నాను. "నన్ను రాసుకుని ఏం చేసుకుంటారమ్మా" అని మళ్ళీ పడుకున్నాడు. పక్కన ఉన్న టీ కొట్టు అతను పేరు చెప్పాడు, రాసుకున్నాను.

ఖమ్మం జిల్లాలో టీచరుగా ముప్పై నాలుగేళ్ళు చేశాను. జనాభా లెక్కల డ్యూటీ మూడుసార్లు పడింది: 1991, 2001, 2011. మొదటి రెండుసార్లు తిట్టుకుంటూ చేశాను. మూడోసారి మాత్రం ఏదో ఇష్టం పుట్టింది. రిటైర్మెంట్ దగ్గర పడిందనేమో. ఆ ఏడాదే సోవియట్ యూనియన్‌లో 1937లో జరిగిన జనాభా లెక్కల సంగతి తెలిసింది. ఇన్నేళ్ళయినా అది నా బుర్రలోంచి పోవడం లేదు.

మా ఇంట్లో సోవియట్ అంటే పుట్టిల్లు లాంటి మాట. నాన్న సహకార సంఘంలో లెక్కలు రాసేవాడు. పార్టీ కార్డు లేదు కానీ పార్టీ సభ ఏదీ వదిలేవాడు కాదు. ఇంటికి సోవియట్ భూమి పత్రిక వచ్చేది. ఆ నున్నటి కాగితాల అట్టలు వేసుకునే నేను పదో తరగతి దాకా చదివాను. లెక్కల నోటుబుక్కు మీద ట్రాక్టరు, సైన్సు నోటుబుక్కు మీద రాకెట్టు. అందరికీ చదువు, అందరికీ పని ఉన్న దేశం అని నాన్న చెప్పేవాడు, మేం నమ్మేవాళ్ళం. అందులో కొంత నిజం కూడా ఉంది కాబట్టి నమ్మడం తేలికయ్యేది.

ఇక అసలు సంగతి. 1926 డిసెంబరులో అక్కడ జరిగిన లెక్కల్లో 14 కోట్ల 70 లక్షల మంది తేలారు. జాగ్రత్తగా చేసిన మంచి పని అని ఆ లెక్కలకు ఇప్పటికీ పేరుంది. దాన్ని నడిపినవాళ్ళలో ముఖ్యుడు ఒలింపీ క్విత్కిన్. ఆ తర్వాత వ్యవసాయాన్ని బలవంతంగా ఉమ్మడి చేశారు, ధాన్యం లాక్కున్నారు. 1932-33లో ఉక్రెయిన్, కజకస్తాన్, కుబాన్, వోల్గా ప్రాంతాల్లో కరువు విరుచుకుపడింది. చచ్చిపోయినవాళ్ళు ఎంత తక్కువ వేసుకున్నా 50 లక్షలకు తగ్గరు. కరువు ఉందని పైకి ఒప్పుకోలేదు. ఒప్పుకోని కరువులో చనిపోయినవాళ్ళు కాగితం మీద చనిపోనట్టే కదా! పల్లెల్లో చావులు నమోదు చేసే ఆఫీసులే చాలాచోట్ల చతికిలబడ్డాయి. పూడ్చేవాళ్ళు లేని చోట రాసేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు?

సరిగ్గా ఆ కరువు ఏడాది అయిపోగానే, 1934 జనవరిలో జరిగిన పార్టీ మహాసభలో స్టాలిన్ దేశ జనాభా 16 కోట్ల 80 లక్షలకు చేరిందని చెప్పాడు. 1935 డిసెంబరులో కంబైన్ డ్రైవర్ల సమావేశంలో ఇంకో మాట అన్నాడు: మన జనాభా ఏటా 30 లక్షలు పెరుగుతోంది, అంటే ఏడాదికో ఫిన్లాండ్ అన్నమాట, అని. నాకు ఈ మాట బాగా గుర్తుండిపోయింది. నాయకులకు ఇలాంటి పోలికలంటే సరదా. చప్పట్లు పడతాయి. కానీ ఒకసారి అన్నాక ఆ ఫిన్లాండ్‌లను ఎవరో ఒకరు తెచ్చి చూపించాలి. 1937కి 18 కోట్లు ఉంటారని పంచవర్ష ప్రణాళికలో అప్పటికే రాసి పెట్టుకున్నారు.

దానికి ముందే అధికారులకు అనుమానం వచ్చింది, పుట్టుకల లెక్కలు ఆశించినట్టు లేవని. 1935 సెప్టెంబరులో స్టాలిన్, ప్రధాని మొలొతోవ్ సంతకాలతో ఒక ఉత్తర్వు వెళ్ళింది. నమోదు ఆఫీసుల్లో వర్గశత్రువులు దూరి చావులను రెండేసిసార్లు రాస్తున్నారట, పుట్టుకలను వదిలేస్తున్నారట. జరిగింది దాదాపు తిరగేసి చూసుకోవాలి. లక్షల చావులు ఒక్కసారైనా నమోదు కాలేదు.

లెక్కలకు ముహూర్తం 1937 జనవరి 5 అర్ధరాత్రి. ఎన్యూమరేటర్లు పది లక్షల పైమాటే. ముందు రోజుల్లో ఇంటింటికీ వెళ్ళి ఫారాలు నింపి పెట్టుకుని, ఆ రాత్రి ఎవరెక్కడ ఉన్నారో దాన్నిబట్టి మర్నాడు ఒక్కరోజులో సరిచూడాలి. ఒక్కరోజులో! మాకు 2011లో ఇరవై రోజులిచ్చారు, తర్వాత సరిచూసుకోవడానికి ఇంకో అయిదు రోజులు. అయినా ఊపిరాడలేదు. ఫారం మడత పెట్టొద్దు, గళ్ళు దాటొద్దు అని సూపర్వైజర్ల గోల వేరే. వాళ్ళకు అక్కడ నడి చలికాలం, రైళ్ళలో వెళ్ళేవాళ్ళను కూడా లెక్కించాలి. పైగా ఒకరోజు గడిస్తే వాళ్ళ పాత పంచాంగం ప్రకారం క్రిస్మస్. జనం ఇంటి పట్టున ఉండే రోజులేనా అవి?

పండగ మాట ఎందుకెత్తానంటే, ఆ ఫారంలో మతం గురించి ఒక ప్రశ్న ఉంది. ప్రశ్నల జాబితాను స్టాలిన్ స్వయంగా దిద్దాడు, కొన్ని కొట్టేశాడు, ఈ ప్రశ్న చేర్పించాడు. పుట్టిన మతం కాదు, ఇప్పుడు నమ్ముతున్నావా లేదా, నమ్మితే ఏ మతం అని పదహారేళ్ళు నిండిన ప్రతి మనిషినీ అడగాలి. చర్చిలు మూసేసి, పూజారులను జైళ్ళలో పెట్టిన దేశంలో, పేరు రాసుకుంటూ అడిగే ప్రశ్న అది. జనంలో పుకార్లు రేగాయి. నమ్ముతున్నామని చెప్తే ముద్ర వేస్తారని, ఊళ్ళోంచి పంపేస్తారని. కొందరేమో ఎక్కువ మంది చెప్తే చర్చిలు మళ్ళీ తెరుస్తారని ఆశపడ్డారు.

అంత భయంలో కూడా 5 కోట్ల 53 లక్షల మంది నమ్ముతున్నాం అని చెప్పారు. నమ్మడం లేదన్నవాళ్ళు 4 కోట్ల 22 లక్షలు. నేను పెద్దగా గుడికి వెళ్ళే మనిషిని కాను, నాన్న పెంపకం. అయినా ఈ అంకె దగ్గర ఆగిపోయాను. గడప దగ్గర నిలబడి అధికారి ముఖం చూస్తూ ఆ మాట చెప్పిన మనిషి సంగతి ఆలోచించండి. ఫారం పట్టుకుని నిలబడిన మనిషి సంగతి కూడా. మా వాళ్ళు నాకు వయసు కూడా సరిగ్గా చెప్పేవాళ్ళు కాదు.

మొత్తం కూడితే 16 కోట్ల 20 లక్షల 3 వేల 225 మంది. మూడేళ్ళ కిందట నాయకుడు చెప్పిన అంకె కంటే 60 లక్షలు తక్కువ. ప్రణాళికలో రాసుకున్నదానికి 1 కోటి 80 లక్షలు తక్కువ.

లెక్కల విభాగంలో మిహయీల్ కుర్మన్ అని ఒకాయన ఉండేవాడు. ఈ తేడా ఎక్కడిదో ఆయన మార్చిలో పై అధికారులకు ఒక నోటు రాసిచ్చాడు. నమోదు కాని చావులున్నాయి, సరిహద్దు దాటి పోయిన కజఖుల లాంటి జనం ఉన్నారు, అని పద్దులవారీగా వివరించాడు. సహకార సంఘం ఆడిట్‌లో తేడా వస్తే నాన్న రాసిన నోట్ల లాగే ఉంటుంది దాని ధోరణి. తేడాకు కారణం చెప్తే ఊరుకుంటారని అనుకున్నాడేమో పాపం. ఆ నెలలోనే ఆయన్ని అరెస్టు చేశారు. క్విత్కిన్‌ని కూడా ఆ మార్చిలోనే. వాళ్ళ విభాగం మొత్తానికి పెద్ద ఇవాన్ క్రవాల్‌ని మేలో. క్రవాల్‌ని ఆగస్టులో, క్విత్కిన్‌ని సెప్టెంబరులో కాల్చేశారు. కుర్మన్ బతికాడు. ఏళ్ళ తరబడి ఖైదీల శిబిరాల్లో, బలవంతపు ప్రవాసంలో గడిపి, 1950ల మధ్యలో బయటపడి, తర్వాత జ్ఞాపకాలు కూడా రాసుకున్నాడు.

సెప్టెంబరులోనే ప్రభుత్వం లెక్కలు చెల్లవని ప్రకటించింది. గణాంక శాస్త్రం ప్రాథమిక సూత్రాలను, ప్రభుత్వం ఆమోదించిన సూచనలను ఘోరంగా ఉల్లంఘించారట. పత్రికలేమో విద్రోహులు కావాలనే జనాన్ని తక్కువ చేసి చూపించారని రాశాయి. ఇంత గోలలోనూ ఆ తక్కువ అంకె ఎంతో మాత్రం జనానికి చెప్పలేదు. తర్వాత పరిశోధకులు ఆ ఫారాల మొత్తాలు తిరగేస్తే వదిలేసినవాళ్ళు వందకు ఒక్కరు కూడా లేరని తేలింది. అర్ధరాత్రి చలిలో ఒక్కరోజులో చేసిన పనికి అది అద్భుతం. ఈ మాట డ్యూటీ చేసినదాన్నిగా చెప్తున్నాను.

నాది ఒక చిన్న ముచ్చట. 2011లో నా బ్లాకులో పదేళ్ళ కిందటి కంటే జనం తగ్గారు. సగం ఇళ్ళవాళ్ళు హైదరాబాదు పోయారు, తాళాలే ఉన్నాయి. పైనుంచి ఒకాయన వచ్చి, "ఏంటి మేడం, తగ్గితే ఎట్లా? మళ్ళీ చూడండి, ఒక పదిహేను ఇరవై పెరుగుతాయి" అన్నాడు. మళ్ళీ తిరిగాను. ఒక పసిపిల్ల పెరిగింది, అంతే. అదే రాశాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు, నాకు రావలసిన డ్యూటీ డబ్బులు నాలుగు నెలలు లేటయ్యాయి. అప్పట్లో ఎంత టెన్షన్ పడ్డానో! క్విత్కిన్ గురించి చదివాక ఆ నాలుగు నెలల సంగతి ఎవరికైనా చెప్పుకోవడానికి కూడా సిగ్గేసింది. చూశారా, ఇప్పుడు చెప్పేశాను.

అక్కడ మళ్ళీ 1939 జనవరిలో లెక్కలు తీశారు. మతం ప్రశ్న లేదు. ఎవరినైనా వదిలేస్తే ఊరుకోం అని ముందే బెదిరించారు. ఎక్కువ రాస్తే ఏమవుతుందో చెప్పే అవసరం ఎవరికీ కనిపించలేదు. కూడికలు ఇంకా పూర్తి కాకముందే, మార్చిలో, స్టాలిన్ 17 కోట్లు అనేశాడు. లెక్క కాస్త ఎక్కువగానే, 17 కోట్ల 5 లక్షల చిల్లరగా వచ్చింది. శిబిరాల్లో ఉన్న ఖైదీల ఫారాలు లక్షల్లో వేరే ప్రాంతాల్లో కలిపారు. ఉత్తరాన జనంలేని మంచునేలలో అంతమంది మగవాళ్ళు ఎందుకున్నారని ఎవరూ అడగకుండా. అలా పంపిన ఫారాలు ఉక్రెయిన్, కజకస్తాన్ ఖాతాల్లో పడ్డాయి, కరువుకు ఖాళీ అయిన చోట్లే. ఈ ఒక్క పని తెలిశాక నాకు రెండు రోజులు సరిగ్గా అన్నం సహించలేదు. చచ్చినవాళ్ళ జాగాలో ఖైదీలను నింపడం, అదీ కాగితం మీద.

1937 ఫలితాలు యాభై ఏళ్ళకు పైగా బీరువాల్లోనే ఉండిపోయాయి. 1990 ప్రాంతంలో, ఆ దేశమే కూలబోయే ముందు, బయటికొచ్చాయి.

ఇదంతా నాకు తెలిసింది మా అబ్బాయి హైదరాబాదు నుంచి ప్రింట్లు తీసి పంపిస్తే. నాన్నకు అప్పుడు ఎనభై మూడేళ్ళు. చెప్పనా వద్దా అని నాలుగు రోజులు తటపటాయించి, ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని చదివి వినిపించాను. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అయిపోయాక, "లెక్కలో ఎక్కడో తప్పు దొర్లి ఉంటుందమ్మా" అన్నాడు.

"వాళ్ళ ప్రభుత్వమూ అదే అంది నాన్నా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున నేను కాఫీ తెచ్చేసరికి కరెంటు బిల్లు వెనక్కి తిప్పి పెట్టుకుని ఉన్నాడు. చెవి మీద పెన్సిలు. "ఇరవై ఆరులో ఎంతన్నావు?" అన్నాడు. 14 కోట్ల 70 లక్షలు అన్నాను. రాసుకున్నాడు. కింద పదేళ్ళకు ఏటా 30 లక్షల చొప్పున 3 కోట్లు వేసి కూడాడు. 17 కోట్ల 70 లక్షలు. "ముప్పై ఏడులో?" చెప్పాను. తీసివేత వేసి, కింద రెండు గీతలు గీశాడు. సంఘం పుస్తకాల్లో మొత్తం తేలాక గీసేవాడు అలా. 1 కోటి 50 లక్షలు. అందరూ చచ్చినవాళ్ళే కారు నాన్నా, కరువులో పుట్టకుండా పోయినవాళ్ళు కూడా అందులోనే ఉంటారు, పట్నాలకు పోయిన జనానికి పిల్లలు తగ్గుతారు అని చెప్పబోయాను. చేత్తో ఆగమన్నాడు. ఇంకోసారి మొదటి నుంచి కూడి చూసుకున్నాడు.

కాఫీ చల్లారిపోయింది. ఆ బిల్లు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని, పార్టీ ఆఫీసు వైపు కాకుండా చెరువు కట్ట వైపు వెళ్ళాడు.