ఆయిల్ ఒలికితే నీళ్లు కొట్టకండి

వర్క్‌షాపులో ఆయిల్ ఒలకగానే నీళ్లు కొట్టడం పెద్ద తప్పు. నూనె నీటిపై తేలి, మరింత దూరం పాకి డ్రైనేజీలోకి దిగుతుంది. ముందు కారే వాల్వు కట్టేయండి, వెంటనే కాలువ మూతి మూయండి. నూనె పీల్చే పొడిని మధ్యలో కుమ్మరించకుండా, అంచు చుట్టూ గట్టులా పోసుకుంటూ లోపలికి రండి. పొడి రంగు ముదిరి ముద్దకట్టాక ఊడ్చేయండి.

అక్కడితో ఆగొద్దు. నేలపై మిగిలిన పలుచని పొర చాలు, మనిషి జారిపడడానికి. డీగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రావణం) రుద్ది, తెల్లగుడ్డతో తుడిచి చూడండి. మరక అంటితే మళ్లీ రుద్దాల్సిందే. నూనె గుడ్డలు మూత ఉన్న ఇనుప డబ్బాలోనే వేయాలి. అవిసె నూనె పీల్చిన గుడ్డలైతే కుప్పలో వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు.

డ్రమ్ము కారినా నూనె నేలపైకి రాకుండా, 200 లీటర్ల ఆయిల్ డ్రమ్ము కింద 220 లీటర్లు పట్టే ట్రే ఉంచండి. అందులో వాననీరు నిలిస్తే అంతమేర చోటు పోయినట్టే.