నీళ్ళెవరు పోస్తారు?

ఎవరైనా వచ్చి "ఫలానా చోట మొక్క నాటుదాం" అంటే అక్క ముందు అడిగేది ఒకటే: "నీళ్ళెవరు పోస్తారు?" జవాబు చెప్పలేకపోతే మొక్క ఇచ్చేది కాదు. హైదరాబాద్‌లో మా ఎదురు మిద్దె మీద పద్నాలుగేళ్ళు తోట పెంచింది. వంగ నారు పోయడం దగ్గర నుంచి గులాబీ కొమ్మ కత్తిరించడం దాకా నాకు నేర్పింది ఆవిడే. సొంత అక్క కాదు. కానీ పొద్దున్నే పిట్టగోడ దగ్గర నిలబడి "టీ తాగావా?" అని కేకేసే మనిషి నాకు ఇంకెవరూ లేరు.

మార్చిలో గుండెపోటుతో పోయింది. నెల తిరక్కుండానే మిద్దెతోట స్నేహితులం నలుగురం కలిసి కాలనీ పార్కులో ఆవిడ పేరు మీద ఒక మొక్క నాటాం. ఫొటోలు దిగాం. మే చివర్లో చూస్తే అది పుల్లలా ఎండిపోయి ఉంది. మిగతావాళ్ళు పోస్తున్నారులే అని ఎవరికి వాళ్ళం అనుకున్నాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జీవితమంతా ఆవిడ అడిగిన మాటని, తీరా ఆవిడ మొక్క దగ్గరే మర్చిపోయాం.

అక్కది కడియం దగ్గర పల్లెటూరు. కాలవగట్టు మీద ఉన్న బడిలో చదువుకుంది. ఆ బడి ముందు పెద్ద పొగడ చెట్టు ఉండేదనీ, తెల్లారకముందే వెళ్ళి రాలిన పూలు ఏరుకునేవాళ్ళమనీ ఎన్నిసార్లు చెప్పిందో. పొగడపువ్వుకి మధ్యలో బెజ్జం ఉంటుంది, సూది అక్కర్లేదు, దారం దూరిస్తే చాలు. ఎండినా వాసన పోదు. ఆవిడ చీరల బీరువాలో ఇప్పటికీ ఒక దండ ఉంది, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. ఆ చెట్టు 1996 నవంబరు తుఫానుకి కూలిపోయింది. ఆ చోట మళ్ళీ ఎవరూ ఏమీ నాటలేదని వాళ్ళ తమ్ముడు ఫోన్లో చెప్పగానే, జూలైలో గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నాను.

సంచిలో రెండే వస్తువులు. ఒకటి అక్క మట్టి తవ్వుకునే బొరిగె. దాని చెక్క పిడి మీద బొటనవేలు ఆనే చోట సొట్ట పడి, నున్నగా మెరుస్తుంది. నా వేలు అందులో సరిగ్గా ఇమడదు. రెండోది ఆవిడ ఆఖరిసారి పేర్చిన కంపోస్టు, అయిదు కిలోలు ఉంటుందేమో. మూత తీసి చూస్తే అంతా నల్లగా, వాన పడ్డ నేల వాసన వేస్తూ ఉంది. కోడిగుడ్డు పెంకులు మాత్రం ఇంకా తెల్లగా కనపడుతున్నాయి. "పెంకులు చేత్తో నలిపి వెయ్యి" అని నన్ను కోప్పడే మనిషి, ఆ చివరి రోజుల్లో నలిపే ఓపిక లేక అలాగే వేసేసి ఉంటుంది. రైల్లో ఆ సంచి తల కిందే పెట్టుకున్నాను.

ఖమ్మం వచ్చేసరికి మెలకువగానే ఉన్నాను. ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా అక్క కిటికీలోంచి ఆ స్టేషన్‌కి దణ్ణం పెట్టేది, జీవితమంతా మొక్కలు నాటిన వనజీవి రామయ్యగారి ఊరు రెడ్డిపల్లి అక్కడికి దగ్గరేనని. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చిన రోజు మిద్దె మీద అందరికీ పాయసం పెట్టింది. 2025 ఏప్రిల్‌లో ఆయనా వెళ్ళిపోయారు. చీకట్లో ఆ స్టేషన్‌కి నేనూ దణ్ణం పెట్టాను.

కొవ్వూరు దాటగానే గోదావరి. ఎగువన వానలు పడి నీళ్ళు ఎర్రగా, వంతెన స్తంభాల దగ్గర సుడులు తిరుగుతున్నాయి. రాజమండ్రిలో దిగితే అక్క తమ్ముడు బండి తెచ్చారు. ధవళేశ్వరం మీదుగా తీసుకెళ్ళారు. 1852లో ఇక్కడ కాటన్ దొర ఆనకట్ట పూర్తయి, కాలవలు పారాకే కదా ఈ డెల్టా ఇంత పచ్చబడింది. ఒండ్రు నేల, పక్కనే నీళ్ళు. కడియపులంక చేరేసరికి రోడ్డుకి రెండు వైపులా నర్సరీలే. టోపీల్లా కత్తిరించిన పొదలు, లారీలకి ఎక్కుతున్న తాటి జాతి మొక్కలు. అక్క ఉంటే సాయంత్రం దాకా కదిలేది కాదు.

నర్సరీ పెద్దాయన పదడుగుల పొగడ చూపించారు. "ఇది పట్టుకెళ్ళండమ్మా, తొందరగా పూస్తుంది." నేను నడుము ఎత్తు మొక్క అడిగాను. చిన్నది పాతితే వేరు నేలని వెతుక్కుంటూ పోతుందనేది అక్క మాట. ఆయన వాదించలేదు. కవరు ఒక పక్క చీల్చి, మట్టి జారకుండా అరచేత్తో పట్టుకుని, తెల్లటి వేరు కొసలు చూపించారు. అడుగున చుట్ట చుట్టుకున్న రెండు వేళ్ళు కత్తితో తీసేశారు. "పొగడా, సపోటా ఒకింటి పిల్లలేనండీ, ఆకు గిల్లితే పాలు కారతాయి, చూడండి" అన్నారు. అచ్చం అదే మాట అక్క నోట విన్నాను. నాకు గొంతు పూడుకుపోయింది.

బడి దగ్గర హెడ్మాస్టరుగారు ముందే ఒప్పుకున్నారు. పాత చెట్టు ఉన్న చోట రెండడుగుల గుంట తీశాం. తీసిన మట్టిలో కంపోస్టూ గుప్పెడు వేపపిండీ కలిపాను. పెంకులు చేత్తో నలిపి వేశాను. మొక్క నిలబెట్టి, చుట్టూ తొక్కి, పాదు చేసి, వెదురు కర్ర ఊతం కట్టారు వాళ్ళ తమ్ముడు. పేరు రాసిన పలక పెడదామా అని ఆయన అడిగితే వద్దన్నాను. ఖాళీ సంచిలో ఆ గుంట మట్టి దోసెడు నింపుకున్నాను, అక్క కరివేపాకు కుండీలో వెయ్యడానికి, అది ఇప్పుడు నా దగ్గర ఉంది.

ఇదంతా వంటపాక గుమ్మంలో నిలబడి మధ్యాహ్న భోజనం వండే ఆవిడ చూస్తోంది. నేను అడగకముందే దగ్గరికొచ్చింది.

"బియ్యం కడుగు రోజూ రెండు బిందెలు పారబోస్తాం మేడమ్. ఇదివరకు కుడితికి పట్టుకెళ్ళేవోళ్ళు, ఇప్పుడు గేదెలేవీ? దీనికి పోస్తాను."

పోసింది కూడా, అప్పుడే. తెల్లటి నీళ్ళు పాదంతా నిండి, నెమ్మదిగా ఇంకాయి. నాలుగు బియ్యపు గింజలు మట్టి మీద మిగిలాయి. బొరిగె ఆవిడ చేతిలో పెట్టాను. పిడి పట్టుకుని చూసి, బొటనవేలు ఆ సొట్టలో ఆనించింది.

అయినా నాకు టెన్షన్ తగ్గలేదు. పార్కులో మొక్క చచ్చిపోయింది వేసవిలోనే. "మరి ఎండాకాలం సెలవుల్లోనండీ? బడి మూసేస్తారుగా" అన్నాను.

ఆవిడ కాలవ అవతలి గట్టు మీద రేకుల ఇల్లు చూపించింది.

"అదిగోనండీ మాది. మా ఇంట్లోనూ బియ్యం కడుగుతాం కదండీ."