మయలిన్‌తో పాటు తేలిపోయే మాక్రోఫేజ్‌లు

మీరు ఎలుక సయాటిక్ నరాన్ని (వెనక కాలికి వెళ్ళే పెద్ద నరం) నలిపి, అందులోకి వచ్చి చేరిన ఇమ్యూన్ కణాలను ఫ్లో సైటోమెట్రీలో, అంటే ఒక్కో కణాన్నీ లేజర్ ముందు నడిపి చూసే పద్ధతిలో, లెక్కపెట్టారనుకోండి. ఏడో రోజు మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే ఇమ్యూన్ కణాలు) తక్కువగా కనిపించాయి. "కణాలు పెద్దగా రాలేదు" అని రాసుకునే ముందు పర్కాల్ (కణాలను సాంద్రతను బట్టి విడదీసే ద్రవం) ట్యూబులో పైకి తేలిన తెల్లటి పొరను ఒకసారి చూడండి. అవి అక్కడ చిక్కుకుని ఉండొచ్చు.

నరం తెగితే దెబ్బకు దిగువనున్న భాగం శిథిలమవుతుందని ఆగస్టస్ వాలర్ 1850లోనే కప్ప నరాల మీద చూపించాడు. అలా చెదిరిన మయలిన్‌ను, అంటే నరపు తంతువుల చుట్టూ ఉండే కొవ్వు తొడుగును, నరంలోనే ఉండే ష్వాన్ కణాలు ముందు కొంత తినేస్తాయి. మొదటి రోజుకల్లా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వస్తాయి. ఆ వెంటే రక్తం నుంచి ఎల్‌వై6సీ అనే ఉపరితల ప్రోటీన్ ఎక్కువగా ఉన్న మోనోసైట్లు (మరో రకం తెల్ల రక్తకణాలు) దిగి, మాక్రోఫేజ్‌లుగా మారి మిగతాది మింగుతాయి. మయలిన్ ఎండు బరువులో 70 శాతానికి పైగా కొవ్వే. కడుపునిండా దాన్ని మింగిన కణం తేలికవుతుంది. 30 శాతం పర్కాల్‌లో స్పిన్ చేస్తే మామూలు కణాలు అడుగుకు దిగుతాయి, ఇది మాత్రం చెత్తతో పాటు పైనే ఉండిపోతుంది. అంటే బాగా పనిచేసిన కణాలే లెక్కలోంచి జారిపోతున్నాయన్నమాట.

నరం తీయడానికి ముందు గుండె ఎడమ జఠరిక ద్వారా చల్లటి పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం) సుమారు 20 మి.లీ. ఎక్కించాలి. కాలేయం పాలిపోయేదాకా ఆపొద్దు. రక్తనాళాల్లో మిగిలిన కణాలు నరంలోకి వచ్చినవాటిలాగే కనిపిస్తాయి. నలిపిన చోటు నుంచి దిగువకు 5 మి.మీ. ముక్క చాలు. ఒక్క నరంలో దొరికే కణాలు చాలా తక్కువ కాబట్టి మూడు నుంచి అయిదు ఎలుకల ముక్కల్ని కలిపితే మంచిది. పోల్చుకోవడానికి అదే ఎలుక రెండో కాలు కన్నా, కోత మాత్రమే పెట్టి నరం నలపని ఎలుకలు మేలు. ఒక పక్క గాయం ప్రభావం రెండో పక్కకూ కొంత పాకుతుంది.

ముక్కల్ని సన్నటి కత్తెరతో పేస్టులా నూరినట్టు కత్తిరించి, కణజాలాన్ని విడదీసే కొలాజినేజ్, డీఎన్‌ఏను కోసే డీఎన్‌ఏజ్ ఎంజైములు కలిపిన హెచ్‌బీఎస్‌ఎస్ అనే లవణ ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర అరగంట ఊపుతూ ఉంచాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కొలాజినేజ్ పనిచేయాలంటే కాల్షియం కావాలి. ఈడీటీఏ ఉన్న బఫర్ వాడితే ఆ కాల్షియాన్ని అది పట్టేసుకుంటుంది, అరగంట తర్వాత కూడా ముక్కలు ముక్కల్లాగే ఉంటాయి. ఈడీటీఏ వేయాల్సింది జీర్ణం అయ్యాక, ఎంజైమును ఆపడానికి. తొందర కొద్దీ ట్రిప్సిన్ వాడితే కణం ఉపరితలం మీది ప్రోటీన్లు కోసుకుపోయి, యాంటీబాడీ పట్టుకోవడానికేమీ మిగలదు. తర్వాత 70 మైక్రాన్ల జల్లెడలో వడకట్టాలి.

మయలిన్‌ను తొలగించకుండా నేరుగా రంగు వేస్తే చెత్త గుంపంతా స్కాటర్ ప్లాట్‌లో (కణాల పరిమాణం, లోపలి నిర్మాణం చూపే గ్రాఫు) అడ్డుపడుతుంది, అది నిజమే. అయినా చెత్తకు కేంద్రకం ఉండదు. హోక్స్ట్ 33342 లాంటి డీఎన్‌ఏ రంగుతో పాటు ఇమ్యూన్ కణాల గుర్తు ప్రోటీన్ (మార్కర్) అయిన సీడీ45 చూస్తే కణాలు విడిపోతాయి. మయలిన్ తిన్న మాక్రోఫేజ్‌లు ఆకుపచ్చ చానెల్లో వాటంతట అవే వెలుగుతాయి. అందుకే బలహీనంగా కనిపించే మార్కర్‌ను ఆకుపచ్చగా వెలిగే ఫిట్‌సీ రంగులో పెట్టకుండా ఎర్రగా వెలిగే ఏపీసీలో పెట్టండి. ప్రతి మార్కర్‌కూ అదొక్కటీ వదిలేసిన కంట్రోల్ ట్యూబు తప్పనిసరి. యాంటీబాడీల తోక భాగాన్ని పట్టుకునే రిసెప్టర్లను మూసే ఎఫ్‌సీ బ్లాక్ వేయకపోతే మాక్రోఫేజ్‌లు ప్రతి యాంటీబాడీనీ అంటించుకుంటాయి.

పర్కాల్ తప్పదనుకుంటే నమూనాలో సగమే అందులో వేయండి. బ్రేకు ఆపేసి 500 జీ దగ్గర 20 నిమిషాలు తిప్పండి. బ్రేకు ఉంటే పొరలు కలిసిపోతాయి. పై పొరను పారేయకుండా పిపెట్‌తో తీసి, బఫర్‌తో అయిదు రెట్లు పలచన చేసి మళ్ళీ స్పిన్ చేయండి. అడుగుకు దిగినదానికి విడిగా సీడీ45, ఎఫ్4/80 (మాక్రోఫేజ్‌ల మార్కర్) యాంటీబాడీలు వేసి చూడండి. అక్కడ ఎంత శాతం పోయిందో ఒకటో రోజు, మూడో రోజు, ఏడో రోజు నమూనాలకు వేర్వేరుగా రాసి పెట్టుకోండి. తిన్న కొవ్వు పెరిగే కొద్దీ ఆ శాతం మారుతుంది, ఒక రోజు లెక్కను మరో రోజుకు వాడలేం.