దింపుల పుస్తకం వెనక పేజీలు

మా వైపు పిల్లాడు బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. మా వాడికి అయిదో నెలలో మా అమ్మ బొబ్బట్లు వండి వీధంతా పంచింది. పంచి నెల తిరక్కుండానే వాడు బోర్లా పడటం మానేశాడు.

ముందు పసిగట్టింది మా ఆవిడ. నిద్ర లేవగానే వాడి తల ఒక్కసారి ముందుకు వాలేది, రెండు చేతులూ పక్కలకు విసురుగా వచ్చేవి. రెప్పపాటే. అయిదారు సెకన్లాగి మళ్లీ. అలా వరసగా రెండు మూడు నిమిషాలు, తర్వాత ఏడుపు. "ఏవండీ, ఇది ఉత్త ఉలికిపాటు కాదండీ" అంది. పాలు అరక్క గ్యాసు పట్టుంటుందిలే అనేసి నేను కొట్టుకి వెళ్లిపోయాను. అంబాజీపేటలో కొబ్బరి కొట్లో గుమస్తాని నేను. అమ్మ దిష్టి తీసింది, మొలతాడుకి తాయెత్తు కట్టించింది. దగ్గర్లో డాక్టరుగారు గ్యాసుకి చుక్కల మందు రాశారు. ఆయన్ని అని లాభం లేదు. మేం ఆ గదిలో ఉన్న పది నిమిషాలూ వాడు ట్యూబులైటు కేసి చూస్తూ కదలకుండా పడుకున్నాడు.

ఉలికిపాట్లకి నేను పెద్దగా భయపడలేదు. నవ్వు ఆగిపోయాక భయపడ్డాను. కొట్టు నుంచి రాగానే నా మీసం వాడి బుగ్గకి ఆనిస్తే బోసినోరు తెరిచి నవ్వేవాడు. ఒక సాయంత్రం నవ్వలేదు. మర్నాడూ లేదు. నా మొహాన్ని దాటి ఎటో చూస్తున్నాడు.

అప్పుడు లెక్క మొదలుపెట్టాను. కాయలు లెక్కపెట్టే వాడికి వచ్చిన విద్య అదొక్కటే కదా. కొట్లోంచి తెచ్చుకున్న దింపుల పుస్తకం, అంటే కొబ్బరికాయల దింపు లెక్కలు రాసుకునేది, దాని వెనక పేజీల్లో నిలువు గీతలు: పొద్దున్న లేచాక 22, మధ్యాహ్నం 31, దీపాల వేళ 18. మా ఆవిడ ఫోన్లో వీడియో తీసింది. తీస్తున్నంతసేపూ దాని చెయ్యి వణుకుతూనే ఉంది, వీడియో చూస్తే తెలుస్తుంది.

కాకినాడ వెళ్లాం. ముమ్మిడివరం దాటి, ఎదుర్లంక దగ్గర గౌతమి మీద వంతెన ఎక్కేసరికి వాడు లేచాడు, మొదలయ్యాయి. పక్క సీట్లో పెద్దావిడ గబగబా సంచిలోంచి తాళాల గుత్తి తీసి వాడి పిడికిట్లో పెట్టింది. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగవని తర్వాత డాక్టరు చెప్పారు. కానీ ఆ రోజు దాన్ని ఫిట్స్ అని గుర్తుపట్టిన మొదటి మనిషి ఆవిడే.

పిల్లల న్యూరాలజిస్టు వీడియో ఒకటికి రెండుసార్లు చూశారు. అడిగిన మొదటి ప్రశ్న: "బాబు నవ్వుతున్నాడా?" మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది.

మర్నాడు ఈఈజీ, అంటే మెదడు తరంగాలు చూసే పరీక్ష. తలకి నూనె ఉండకూడదన్నారు. కోనసీమ పిల్లాడి తల్లోంచి కొబ్బరి నూనె వదలాలంటే మాటలా, మూడుసార్లు షాంపూ పట్టింది. రాత్రి సగం మేలుకోబెట్టి తీసుకెళ్లి, అక్కడ నిద్ర మందు తాగించి, గుప్పెడంత తలకి జిగురుతో వైర్లు అంటించారు. స్క్రీన్ మీద గీతలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఎగిరిపడుతున్నాయి. దాని పేరు హిప్సారిథ్మియా, జబ్బు పేరు వెస్ట్ సిండ్రోమ్, పసిపిల్లలకి వచ్చే ఒక రకం ఫిట్స్. పుట్టిన రెండో రోజు వాడు పాలు పట్టక మగతగా ఉంటే, షుగర్ పడిపోయిందని గ్లూకోజ్ ఎక్కించారు. ఆ దెబ్బ మెదడు వెనక భాగానికి తగిలిందని ఎంఆర్‌ఐలో తేలింది. కళ్లు బాగానే ఉన్నాయట. చూసినదాన్ని పోల్చుకునే చోటు దెబ్బతింది.

వెస్ట్ ఎవరని అడిగాను. ఇంగ్లండులో డాక్టరట. 1841లో సొంత కొడుక్కి ఇలాగే వస్తుంటే లాన్సెట్ అనే వైద్య పత్రికకి ఉత్తరం రాశాడట. ఒక్కో విడతకి పది నుంచి ఇరవై, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ అని ఆయనా లెక్క రాశాడట. నా పుస్తకం చూసే డాక్టరుగారు ఆ సంగతి చెప్పినట్టున్నారు.

ఏసీటీహెచ్ అనే హార్మోను ఇంజెక్షన్లా, నోటి మందా అని ఆలోచించి చివరికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు, పెద్ద మోతాదులో. వారం వారం బీపీ చూపించమన్నారు. వాడి మొహం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి ఆగదు, రాత్రుళ్లు చిరాకు. ఊళ్లో అందరూ "ఈ మధ్య ఒళ్లు చేశాడే, బాగున్నాడు" అనేవారు. ఏం చెప్తాం! తొమ్మిదో నెల తట్టు టీకా కూడా స్టెరాయిడ్ ఆపి కొన్నాళ్లయ్యాకే అన్నారు. ఆశా వర్కరు రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్లింది. మూడోసారి, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకి ప్రభుత్వం జిల్లా సెంటరు నడుపుతోందని, థెరపీ అక్కడ ఉచితమని చెప్పింది ఆవిడే.

పుస్తకంలో మందు మొదలెట్టిన ఎనిమిదో రోజు 4. తొమ్మిదో రోజు సున్నా. ఆ సున్నాని రెండుసార్లు దిద్దాను.

రెండు నెలలకి జ్వరం వచ్చింది, మళ్లీ 9. ఆ రోజు పుస్తకం మంచం కిందికి విసిరేశాను. విగాబాట్రిన్ అని ఇంకో ఫిట్స్ మందు కలిపారు. దాన్ని ఎక్కువకాలం వాడితే చూపు అంచులు దెబ్బతినొచ్చు, కళ్లు చూపిస్తూ ఉండాలి. చూపే సరిగా లేని పిల్లాడికి అలాంటి మందా అని గొడవపడ్డాను. ఫిట్స్ ఆగకపోతే మిగతా ఎదుగుదల కూడా ఆగిపోతుందని డాక్టరు ఓపిగ్గా చెప్పారు. అమలాపురంలో మెడికల్ షాపతను "ఆయ్, ఎల్లుండికి తెప్పించేస్తానండి" అన్నాడు, తెప్పించాడు.

థెరపీ అంటే ఏదో మిషన్లు అనుకున్నాను. మా ఇంట్లో అది ఎర్ర ప్లాస్టిక్ మగ్గు. గది చీకటి చేసి, మగ్గు మీద టార్చి వేసి, వాడి ఎడమ నుంచి నెమ్మదిగా తిప్పాలి. మాట్లాడకూడదు, గాజులు కూడా చప్పుడు కాకూడదు, లేకపోతే చెవితో పట్టేస్తాడు. ఇరవై రోజులు గోడకి చూపించినట్టే ఉంది. ఒక ఆదివారం మగ్గు వెంట వాడి కళ్లు కదిలాయి, తర్వాత మెడ. చివర మా ఆవిడ వైపు తిరిగి ఆగాడు.

ఇప్పుడు పదిహేడో నెల. ఫిట్స్ ఆగి అయిదు నెలలు, మందు మాత్రం నడుస్తోంది. మాటలు లేవు. చేతులు ముందు నేలకి ఆనించి కూర్చోబెడితే కూర్చుంటున్నాడు, కాసేపటికి ఎడమ పక్కకి ఒరిగిపోతాడు. పుస్తకంలో ఇప్పుడు సెకన్లు రాస్తున్నాను: 12, 19, 15, 40.

నలభై చూసి అమ్మ మినప్పప్పు డబ్బా తీసింది. "చేతులు ఆనించకుండా కూర్చోనీండత్తయ్యా" అంది మా ఆవిడ. "ఆనిస్తే మాత్రం కూర్చోడం కాదేంటే?" అంది అమ్మ. రాత్రికి పప్పు నానబోసేసింది.