ఉస్మానియా పాత ఫైళ్ళు చదవడానికి నేను పడ్డ పాట్లు

1938 చివర్లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థుల్ని బయటికి గెంటేసిన సంగతి చాలామందికి తెలుసు. పి.వి. నరసింహారావు నాగపూర్ వెళ్ళి చదువుకున్నదీ ఆ దెబ్బకే. నా పీహెచ్‌డీ అప్పుడు విద్యార్థులు చేసిన సమ్మె మీదే. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కువగా ఉన్నది ఆ విద్యార్థులు పెద్దయ్యాక గుర్తుచేసుకున్న మాటలు. మరి అప్పట్లో యూనివర్సిటీ తన కాగితాల మీద ఏం రాసుకుందో చూద్దామని బయల్దేరాను.

నిజాం కాలపు సర్కారు రికార్డులు తార్నాకలో, ఉస్మానియా క్యాంపస్‌కి దగ్గర్లోనే ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. గైడ్ సంతకం పెట్టిన ఉత్తరం, ఐడీ కార్డు, ఒక అర్జీ పట్టుకుని వెళ్ళాలి. ఆ ఉత్తరం మీద మా కాలేజీ ఆఫీసులో స్టాంపు వేయించుకునేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. సరే, దాని గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది.

అసలు తంటా భాషతో వచ్చింది. ఉస్మానియా పుట్టిందే ఉర్దూ మీడియంతో. 1917లో నిజాం ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చినప్పుడు పైచదువులకు ఉర్దూలో పాఠ్యపుస్తకాలే సరిగ్గా లేవు. అందుకని దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖనే పెట్టి సైన్సు, చరిత్ర, లా పుస్తకాలన్నీ ఉర్దూలోకి దింపించారు. ఆఫీసు వ్యవహారం కూడా చాలావరకు అదే భాషలో. నాకు వచ్చింది బజారులో బేరమాడే ఉర్దూ, చదవడం రాదు. మా వీధిలో ఉండే రిటైర్డ్ ఉర్దూ సార్ దగ్గర అలిఫ్ బే నుంచి మొదలుపెట్టాను. అచ్చు పుస్తకం చదవడం వచ్చేసింది కదా అని సంబరపడి ఫైలు తెరిస్తే, గుమాస్తాల గొలుసుకట్టు రాతలో చుక్కలు సగం ఉండవు, మాటలు ఒకదాన్నొకటి పట్టుకుని వెళ్ళిపోతుంటాయి, ఒక్క పేజీకి పూటంతా పట్టేది. సార్ ఒకటే చెప్పారు, "ముందు పైనా కిందా చూడు బేటా, ఎవరు ఎవరికి రాశారో తెలిస్తే మధ్యలోది దానంతటదే వస్తుంది" అని. నాకు ఎక్కువగా పనికొచ్చింది ఆ మాటే.

తర్వాత తేదీలు. పాత పహాణీల్లో (భూమి రికార్డుల్లో) ఫసలీ, అంటే సర్కారు లెక్కల సంవత్సరం, చూసినవాళ్ళకు దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందన్న లెక్క తెలిసే ఉంటుంది. కానీ హైదరాబాద్ సర్కారు ఫసలీ అక్టోబరు మొదటివారంలో, ఆజూర్ నెలతో మొదలవుతుంది. కాబట్టి ఆజూర్, దై, బహమన్ నెలలకైతే 590 కలపాలి, ఇస్ఫందార్ నుంచి దాదాపు 591 కలపాలి. అంటే సమ్మె జరిగిన 1938 నవంబరు, డిసెంబరు నెలలు 1348 ఫసలీలోకి వస్తాయి, ఆ తర్వాతి ఎండాకాలం కూడా 1348లోనే ఉంటుంది. ఇది తెలియకపోతే సమ్మె ముందో, దాని మీద జరిగిన విచారణ ముందో అర్థం కాక పిచ్చెక్కుతుంది. నేనైతే నోటుబుక్ అట్ట మీదే నెలల పట్టిక రాసిపెట్టుకున్నాను.

ఇక కేటలాగ్. 'యూనివర్సిటీ, సమ్మె' అని వెతికితే దొరికే సరుకు కాదిది. శాఖలవారీగా ఇన్‌స్టాల్‌మెంట్ నంబరు, దాని కింద లిస్టు నంబరు, దాని కింద సీరియల్ నంబరు, ఈ మూడూ రాసిస్తేనే కట్ట బయటికొస్తుంది. అప్పుడు సార్ చెప్పింది బుర్రకెక్కింది. కాగితం ఏ దారిన నడిచిందో పట్టుకుంటే చాలు. కింద యూనివర్సిటీ, దాని పైన సర్కారు విద్యా వ్యవహారాలు చూసే సెక్రటరీ, ఆ పైన బాబ్-ఎ-హుకూమత్ అనే మంత్రి మండలి, అక్కణ్ణుంచి నిజాంకి అర్జ్‌దాస్త్ అనే విన్నపం, తిరిగి కిందికి ఫర్మానా. ఒక చోట లేని కాగితానికి ఇంకో చోట నకలు దొరికే అవకాశం ఉంటుందన్నమాట.

దొరికినవాటిలో ఎక్కువ భాగం సమ్మెతో సంబంధం లేనివే. సెలవు చీటీలు, లాబొరేటరీ సామాను బిల్లులు, హాస్టల్ ఖర్చులు. ఒక కాగితంలో గుమాస్తా వంటవాళ్ళ జీతాల పద్దు ముత్యాల్లాంటి అక్షరాలతో ఓ పక్కన రాస్తే, ఖాళీ వదిలిన రెండో పక్కన పై అధికారి పెన్సిల్‌తో గీకిపారేసిన ఒక్క ముక్క ఉంది, దాన్ని చదవడానికి మా సార్ కూడా భూతద్దం తీశారు. తీరా చూస్తే "మాట్లాడండి" అని! మన ఆఫీసుల్లో ఫైలు మీద ఇప్పటికీ అదే రాస్తారు కదా.

సమ్మె విషయానికొస్తే, నేను చూసిన కాగితాల్లో క్రమశిక్షణ, ఉత్తర్వుల ఉల్లంఘన లాంటి మాటలే తప్ప పాట గురించి పెద్దగా ఏమీ ఉండదు. పిల్లల పేర్లు కూడా అరుదు. వాళ్ళు ఏమనుకున్నారో తెలియాలంటే సర్కారు ఫైళ్ళను నమ్ముకుంటే లాభం లేదని నా అభిప్రాయం. సురవరం ప్రతాపరెడ్డి నడిపిన గోలకొండ పత్రిక లాంటివి పక్కన పెట్టుకునే చదవాలి. పైగా పేరు కొట్టేసిన రోజుతో ఆ విద్యార్థి కథ ఉస్మానియా కాగితాల్లో ఆగిపోతుంది. చేర్చుకున్నది నాగపూర్ యూనివర్సిటీ, కాబట్టి అడ్మిషన్ వివరాలు ఏమైనా మిగిలి ఉంటే అక్కడే ఉండాలి. గైడ్ ఇంకో ఉత్తరం రాసిచ్చారు. ప్రస్తుతం అది స్టాంపు కోసం ఆఫీసులో ఉంది.